నిమ్మకాయ దెబ్బ

మా షెడ్డులో అందరికంటే మొండిది మూడో నంబరు ప్రెస్సు, దాని తర్వాత గౌరీశ్వరి మేడమ్. ఈ మాట అన్నది ఆ ప్రెస్సు మీద పనిచేసే వీరన్న. నా మొహం మీదే అన్నాడు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. వాడు ఏమన్నా నాకు కోపం వచ్చేది కాదు. మిగతా ప్రపంచం మీద మాత్రం పొద్దున లేచిన దగ్గర్నుంచీ వస్తూనే ఉంటుంది.

దువ్వాడ స్టేషన్ దాటాక పట్టాలకు అవతల వరసగా ఉండే రేకుల షెడ్లలో మాదొకటి. రైలు వ్యాగన్లకు కావలసిన ఇనప బ్రాకెట్లు కొడతాం. ముక్కను డై అనే అచ్చు మీద పెట్టాలి, కాలితో పెడల్ తొక్కాలి, పైనుంచి టన్నుల బరువు దిగి దాన్ని వంచుతుంది. ఇంతే పని. ముక్క పక్కన మనిషి వేలుంటే దాన్నీ అలాగే వంచుతుంది. ఏది ఇనుమో ఏది ఎముకో ప్రెస్సుకు తెలియదు.

తెలిసేలా చేయడమే నా ఉద్యోగం. మూడో నంబరుకు రెండు కాపలాలున్నాయి. ముందువైపు కంటికి కనబడని వెలుతురు తెర ఉంటుంది, దానికి చెయ్యి అడ్డొస్తే ప్రెస్సు దిగదు. డైలో రెండు చిన్న పిన్నులుంటాయి, ముక్క సరిగ్గా కూర్చుంటేనే అవి నొక్కుకుంటాయి. ముక్క వంకరగా ఉన్నా, అసలు లేకపోయినా ప్రెస్సు దిగదు. మనిషన్నవాడు పొరపాటు చేస్తాడు, మిషను చేయనివ్వకూడదు.

ఆ కాపలాలు నిద్రపోతున్నాయో మేలుకున్నాయో రోజూ పని మొదలయ్యే ముందు నేను చూడాలి. అందుకు నా దగ్గర ఎర్ర రంగు పూసిన తప్పు ముక్క ఒకటుంది. దాన్ని కావాలనే వంకరగా పెట్టి పెడల్ తొక్కుతాను. తర్వాత మామూలు ముక్కను సరిగ్గా పెట్టి, తెరలోకి కర్ర దూర్చి తొక్కుతాను. రెండుసార్లూ ప్రెస్సు మొండికేస్తే ఆ రోజుకి పాస్. కుర్రాళ్ళు ఆ ముక్కకు ఎర్రమ్మ అని పేరు పెట్టారు. "మేడమ్, ఎర్రమ్మకి సంబంధం సూడమంటారేటి? మా కంచరపాలెంలో మంచి కుర్రోలున్నారు" అని వీరన్న రోజూ ఏడిపించేవాడు.

కాపలాలను ఆపడానికి ఒక తాళం ఉంది. డై మార్చేటప్పుడు అవసరం. తాళం బైపాస్ వైపు తిప్పితే ప్రెస్సు గుడ్డిదైపోతుంది, తాళం పక్కనే ఎర్ర దీపం వెలుగుతుంది. తాళం చెవి మా ఓనరు గురునాథరావు చొక్కా జేబులో ఉంటుంది. ఆ ఏర్పాటు తీసేసి, డై మార్చేవాళ్ళకు వేరే పద్ధతి పెట్టమని ఏడాదిగా ఆయనతో పోట్లాడుతున్నాను.

"అది తీసేత్తే నిమ్మకాయ దెబ్బ ఎలా కొడతానమ్మా?" అనేవాడాయన, అదేదో నాకు తట్టని పెద్ద సంగతి అన్నట్టు.

నిమ్మకాయ దెబ్బ అంటే మా షెడ్డు ఆచారం. దసరాకి ఆయుధ పూజ చేసి, మిషన్లకు పసుపూ కుంకుమా పెట్టి, బంతిపూల దండలు వేస్తారు. లారీ చక్రం కింద నిమ్మకాయ తొక్కించినట్టే మా దగ్గర డై మీద నిమ్మకాయ పెట్టి, ఓనరు స్వయంగా పెడల్ తొక్కుతాడు. నిమ్మకాయ పిన్నులను నొక్కదు కదా, కాపలా ఒప్పుకోదు. అందుకని తాళం తిప్పుతాడు. ఏడాది పొడుగునా చేతులు పోకుండా ఉండాలని చేసే పూజ కోసం, చేతులు కాపాడేదాన్ని ఆపుతారు! ఈ మాట పైకే అన్నాను. పండగ పూట నోరు మూసుకోమన్నారు.

ఈ ఏడు కూడా ప్రెస్సు దిగింది, నిమ్మకాయ చితికి రసం గురునాథరావు సిల్కు చొక్కా మీద పడింది, చప్పట్లు కొట్టారు. పులిహోర పంచారు. తాళం వెనక్కి తిప్పారా అని అడిగాను.

"తిప్పేనమ్మా తిప్పేను. ప్రసాదం తిను."

తిప్పలేదు. దీపం వెలుగుతూనే ఉంది, కానీ నాకు కనబడకుండా దాని మీద లావుపాటి బంతిపూల దండ వేలాడుతోంది. మా దగ్గర పూజ దండ మర్నాడు సాయంత్రం దాకా ఎవరూ ముట్టుకోరు. పక్కకు జరపడం కూడా అపచారమే.

మర్నాడు పొద్దున ఎర్రమ్మను పట్టుకుని ఒకటో నంబరు ప్రెస్సు దగ్గర మొదలుపెట్టాను. లోడు వెళ్ళిపోవాలని గురునాథరావు గొడవ. మూడో నంబరు మొదలుపెట్టమని వీరన్నకు చెప్పాడు. నేను అక్కణ్ణుంచే అరిచాను.

"దాన్ని నేనింకా చూడలేదు. ఆగమనండి!"

"రోజూ సూత్తూనే ఉన్నావు గదా. నిన్న బాగున్నది ఇయ్యాల పాడయిపోతదేటి?"

నేను ఒకటో నంబరు వదిలేసి అటు నడిచాను. సగం దూరం వెళ్ళానో లేదో ప్రెస్సు దిగిన చప్పుడు వినబడింది. ఆ చప్పుడు నాకు బాగా తెలుసు, ఇనుము మీద ఇనుము పడితే గణగణమంటుంది. ఈసారి మెత్తగా వచ్చింది. ఆ వెంటనే వీరన్న అరుపు.

దాన్ని అరుపు అనడం తప్పు. గొంతు చించుకుని బయటికొచ్చిందది. వాడు డైకి అతుక్కుని నిలబడి ఉన్నాడు, కుడిచెయ్యి లోపల ఉంది. పసుపు రాసిన డై మీద నుంచి రక్తం బంతిపూల మీదికి చిమ్మింది. వాడి బావ సింహాద్రి నాలుగో నంబరు మీద పనిచేస్తాడు. దూకి వచ్చి వీరన్న నడుం పట్టుకుని లాగబోయాడు. "లాగకు, లాగకు!" అని ఎలక్ట్రీషియన్ రహమాన్ గావుకేక పెట్టి, మోటారు ఆపి, ప్రెస్సు పక్కనున్న పెద్ద చక్రాన్ని వెనక్కి తిప్పి పై డైని లేపాడు. చెయ్యి బయటికొచ్చింది. నాలుగు వేళ్ళు రాలేదు.

సింహాద్రి తన చొక్కా విప్పి ఆ చేతికి చుట్టాడు. "ఏటీ లేదురా, ఏటీ లేదు, నాను ఉన్నాను గదా" అంటూ వాణ్ణి భుజాన వేసుకుని ఆటో కోసం గేటు వైపు పరుగెత్తాడు. షెడ్డు పొడుగునా ఎర్రటి మరకలు పడ్డాయి. డైలో మిగిలినదాన్ని నేనే గుడ్డలో ఎత్తి, మంచు పెట్టి వెనకాల పంపించాను. ఆ తర్వాత గోడ వైపు తిరిగి వాంతి చేసుకున్నాను.

నేను మొహం కడుక్కుని వచ్చేసరికి గురునాథరావు డైని నీళ్ళతో కడిగిస్తున్నాడు. అందరూ వినేలా చెబుతున్నాడు.

"కాపలా బాగానే ఉంది. ఆడే ఏదో తిక్కపని సేసి పక్కనుంచి సెయ్యెట్టేడు. రేపు ఫ్యాక్టరీ ఇన్‌స్పెక్టర్ వత్తాడు, ఎవరడిగినా ఇదే మాట. తెలిసిందా?"

నాకు ఒళ్ళు మండిపోయింది. దండ పక్కకు లాగాను. దీపం వెలుగుతోంది. "ఇదేంటండీ?" అన్నాను. ఆయన నా చెయ్యి విదిలించి కొట్టి దండ మళ్ళీ దాని మీదికి సర్దాడు. "అపచారం" అన్నాడు. నిజంగానే అన్నాడు ఆ మాట. ఇన్‌స్పెక్టర్ వచ్చేదాకా ఈ తాళం ఎవరూ ముట్టుకోవద్దు, ఎలా ఉన్నది అలాగే చూడాలి అని నేను గట్టిగా అరిచి, ప్రెస్సుకు అడ్డంగా నిలబడ్డాను.

మధ్యాహ్నానికి సింహాద్రి తిరిగొచ్చాడు. వంటి మీద చొక్కా లేదు, ఛాతీ మీద రక్తం నల్లగా ఎండిపోయి ఉంది. వేళ్ళు అతకవని డాక్టర్లు చెప్పేశారట. గేటు దగ్గర ఎవరో ఓనరు మాట వాడి చెవిన వేశారు. వాడు నేరుగా వచ్చి గురునాథరావు మెడ పట్టుకుని మొహాన ఒక్క గుద్దు గుద్దాడు. ముక్కు పగిలిన చప్పుడు వినబడింది. ఆయన కింద పడితే కాలితో డొక్కలో తన్నాడు. ఎవరూ అడ్డం వెళ్ళలేదు. నిజం చెప్పాలంటే నాకూ వెళ్ళాలనిపించలేదు.

తర్వాత ఆయన్ని జుట్టు పట్టి ఈడ్చుకుంటూ మూడో నంబరు దగ్గరికి తెచ్చాడు. మోటారు ఆన్ చేశాడు. చక్రం తిరగడం మొదలుపెట్టింది. ఆయన కుడిచేతిని మణికట్టు దగ్గర పట్టి డైలో పెట్టి, మోచెయ్యితో అదిమాడు. తన కాలు పెడల్ మీద పెట్టాడు.

"కాపలా బాగున్నాదన్నావు గదా, దిగదు గదా. భయమేటి? తొక్కెత్తాను సూద్దారి."

"వద్దురా! సింహాద్రీ, వద్దురా!"

"మా వీరన్న తిక్కపని సేసినాడా? సెప్పు! సెయ్యి ఉంటే దిగదు గదా? సెప్పు!"

"దిగుతాది! బైపాస్‌లో ఉంది! తాళం తిప్పలేదు, నిన్న తిప్పలేదురా బాబూ!"

షెడ్డంతా విన్నది. ఆ పూట తిరుగుతున్నది ఆ ఒక్క చక్రమే, మిగతా మిషన్లన్నీ ఆగి ఉన్నాయి. సింహాద్రి ఒక్క క్షణం ఆగాడు. నిజం బయటికొచ్చింది కదా, వదిలేస్తాడనుకున్నాను. వాడి మొహం చూశాక అర్థమైంది, ఇప్పటిదాకా వాడు బెదిరించాడు, ఇప్పుడు నిజంగా తొక్కుతాడు.

ఎమర్జెన్సీ బటన్ వాడి వీపు వెనకే ఉంది. రహమాన్ మెయిన్ స్విచ్ వైపు పరుగెత్తాడు కానీ అది షెడ్డు ఆ చివర ఉంది. నేను గురునాథరావు జేబులో చెయ్యి పెట్టాను. జేబు చిరిగింది, తాళం చెవి దొరికింది. దండ తెంచి పారేసి, చెవి దూర్చి తిప్పాను. దీపం ఆరింది. అదే క్షణంలో సింహాద్రి బలమంతా పెట్టి పెడల్ తొక్కాడు.

దిగలేదు.

మళ్ళీ తొక్కాడు. మళ్ళీ మళ్ళీ తొక్కాడు. చక్రం తిరుగుతూనే ఉంది, పై డై అక్కడే ఆగి ఉంది. కింద ఐదు వేళ్ళూ ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయి. అప్పుడు సింహాద్రి ఆయన్ని వదిలేసి, ప్రెస్సును వట్టి చేతులతో గుద్దడం మొదలుపెట్టాడు. నలుగురు వచ్చి పట్టుకునేదాకా గుద్దుతూనే ఉన్నాడు.

గురునాథరావు కింద కూలబడి ముక్కు తుడుచుకున్నాడు. కాపాడినందుకు నా వైపు దణ్ణం పెడతాడేమో అనుకునేంత పిచ్చిదాన్ని కాదు గానీ, ఆయన అన్న మొదటి మాట మాత్రం నేను ఊహించలేదు.

"సూసేరా? అందరూ సూసేరు గదా? సెయ్యి ఉంటే దిగలేదు. కాపలా బాగానే ఉంది."

నా చేతిలోంచి తాళం చెవి లాక్కుని పోలీసులకు ఫోన్ చేశాడు. నాకు అప్పటికి గానీ బుర్రకెక్కలేదు, ఆయన చెయ్యి కాపాడ్డం కోసం నేను ఏం తుడిచేశానో. ఇన్‌స్పెక్టర్ కోసం అలాగే ఉంచమని పొద్దుట్నుంచీ కాపలా కాసిన దీపం అది. ఆర్పింది నేనే.

పోలీసులొచ్చి సింహాద్రిని జీపు ఎక్కించారు. హత్యాయత్నం అన్నారు. ఓనరు ఏమని అరిచాడో చెప్పండని అడిగితే, మిషన్ల మోతలో ఏమీ వినబడలేదన్నారు మా షెడ్డు వీరులు. రహమానూ నేనూ విన్నది విన్నట్టు చెప్పాం. రహమాన్ సింహాద్రి స్నేహితుడట, నాకు ఓనరు మీద పగట. అదీ మా మాటకు దక్కిన విలువ.

సాయంత్రం ఆసుపత్రికి వెళ్ళాను. వరండాలో సింహాద్రి భార్య సూర్యకళ నేల మీద కూర్చుని ఉంది. వీరన్నకు సొంత అక్క. ఒక్క రోజులో తమ్ముడి చెయ్యి పోయింది, మొగుడు స్టేషన్లో ఉన్నాడు. నన్ను చూడగానే లేచి వచ్చి చెంప మీద కొట్టింది. కళ్ళు బైర్లు కమ్మాయి.

"మా తమ్ముడి సెయ్యి నలిగినప్పుడు తిప్పని తాళం, ఆడి సెయ్యికి తిప్పినావేటి? ఆడు డబ్బున్నోడనా?"

ఇంకోటి కొట్టినా చెంప పక్కకు తిప్పేదాన్ని కాదు. మళ్ళీ అదే క్షణం వస్తే మళ్ళీ అదే తాళం తిప్పుతానని నాకు తెలుసు, ఆ సంగతికే నా మీద నాకు కోపంగా ఉంది. సూర్యకళ కొట్టిన చెయ్యితోనే నన్ను పట్టుకుని ఏడ్చింది. తర్వాత లోపలికి పంపింది.

వీరన్న మగతగా ఉన్నాడు. చేతికి పెద్ద తెల్లటి కట్టు. నన్ను గుర్తుపట్టి, ఎప్పుడూ మేడమ్ అనేవాడు ఆ పూట అక్కా అన్నాడు.

"ముక్క వంకరగా కూకున్నాదక్కా. సరిసేద్దారని సెయ్యెట్టినాను. కాలు పెడల్ మీదే ఉన్నాది. నాను తీయలేదు."

"ఎందుకురా తీయలేదు?"

"రోజూ అలాగే సేత్తాం గదా. కాపలా ఉన్నాది గదా. నువ్వు సూసే ఉంటావులే అనుకున్నాను."

నేను బయటికొచ్చి మెట్ల మీద కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చాను. నన్ను నమ్మాడు. ఆ కర్ర, ఆ ఎర్ర ముక్క, రోజూ నేను చేసే తంతు చూసి చూసి, భయం అనేదే మర్చిపోయేంతగా నమ్మాడు. ఏడుస్తుంటే వాడి మొదటి మాట మళ్ళీ చెవిలో పడింది. ముక్క వంకరగా కూర్చుంది.

వంకరగా కూర్చున్న ముక్క మీద ప్రెస్సు దిగింది. అంటే ఆ ముక్క వంకరగానే వంగి ఉండాలి. కాపలా మేలుకుని ఉంటే అలాంటి ముక్క పుట్టనే పుట్టదు. పక్కనుంచి చెయ్యి పెట్టాడని ఎన్ని కథలైనా చెప్పొచ్చు. ముక్క గురించి ఏం చెబుతాడు?

మర్నాడు పొద్దున నేను వెళ్ళేసరికి తుక్కు లారీ గేటులోపల ఉంది. డై కడిగినప్పుడు ఆ ముక్కను తుక్కు తొట్టెలో పడేశారని రహమాన్ చెప్పాడు. తొట్టెలోకి దూకాను. పదునైన అంచులు, చీలికలు, జిడ్డు. మోకాళ్ళు కోసుకుపోయాయి. రెండు చేతులతో తవ్వాను. అడుగున, నిమ్మతొక్కలకూ వాడిపోయిన బంతిపూలకూ మధ్య దొరికింది. మూల వైపు మెలితిరిగి వంగిన బ్రాకెట్, లోపలి మడతలో నీళ్ళకు అందని నల్లటి రక్తం, అందులో అంటుకున్న చర్మం.

గురునాథరావు చూశాడు. ముక్కు మీద ప్లాస్టర్‌తో పరుగెత్తుకొచ్చి నా మణికట్టు పట్టుకున్నాడు.

"ఇలా ఇయ్యి. అది తుక్కు. నీకేటి పని దాంతో?"

"ఇవ్వను."

ముక్క రెండో కొస పట్టుకుని లాగాడు. నేను పిడికిలి బిగించాను. ఇనప అంచు నా అరచేతిని కోసుకుంటూ కదిలింది. ఇంకా బిగించాను. ఆయన నా జుట్టు పట్టి తొట్టె అంచుకేసి తల కొట్టాడు. నుదురు చిట్లింది. రెండోసారి కొట్టబోతే ఆయన ముంజేతిని పళ్ళతో పట్టుకుని, నోట్లోకి ఉప్పగా రక్తం వచ్చేదాకా కొరికాను. కేక వేసి వదిలాడు. అప్పుడే రహమాన్ ఇన్‌స్పెక్టర్‌ను వెంటబెట్టుకుని వచ్చాడు.

ఇన్‌స్పెక్టర్ పెద్దాయన, తక్కువగా మాట్లాడే మనిషి. నా వైపు చూశాడు, గురునాథరావు చేతి మీద పళ్ళ గాట్లు చూశాడు. ముందు కట్టు కట్టించుకోమన్నాడు. తర్వాత కట్టుకుంటానన్నాను. ఆయన మా వెంట మూడో నంబరు దగ్గరికి వచ్చాడు. షెడ్డులో వాళ్ళంతా చుట్టూ మూగారు.

"కాపలా పనిచేస్తోందా?" అని ఓనరును అడిగాడు.

"లక్షణంగా పని సేత్తంది సార్. ఒక్క రోజు కూడా ఆగలేదు. అందరూ సూసేరు."

"అయితే మీరే తొక్కి చూడండి సార్" అన్నాను నేను ఇన్‌స్పెక్టర్‌తో. కొత్త ముక్క ఒకటి ఇచ్చి, వీరన్న ముక్క ఏ మూలకు మెలితిరిగిందో ఆ మూలకే వంకరగా పెట్టమన్నాను. ఆయన పెట్టి పెడల్ తొక్కాడు. దిగలేదు. కొంచెం జరిపి తొక్కాడు. దిగలేదు. తాళం చెవి అడిగి తీసుకుని, బైపాస్ వైపు తిప్పి, ఓనరుకే తిరిగిచ్చి తొక్కాడు. ప్రెస్సు షెడ్డు అదిరేలా దిగింది. బయటికొచ్చిన ముక్క నా చేతిలోని ముక్కకు కవలపిల్ల.

ఇన్‌స్పెక్టర్ చెయ్యి చాచాడు. పిడికిలి విప్పడానికి నాకు కొంచెంసేపు పట్టింది. వేళ్ళు బిగుసుకుపోయాయి.

"దీని మీద రక్తం ఎవరిది?"

"పైన తడిగా ఉన్నది నాది సార్. మడతలో ఎండిపోయింది వీరన్నది."

వెనకనుంచి నాలుగో నంబరు పక్క ప్రెస్సు మనిషి ఒకడు గొంతు సవరించుకున్నాడు. "బైపాస్‌లో ఉందని ఓనరు అరిసేడు సార్. నాను ఇన్నాను" అన్నాడు. ఇంకొకడు నానూ అన్నాడు. నిన్నటి మోత ఇవాళ తగ్గినట్టుంది మా వీరులకు.

ఇన్‌స్పెక్టర్ ముక్కను సంచిలో వేసి, గురునాథరావు వైపు తిరిగి తాళం చెవి ఇమ్మన్నాడు. ఇక దాని పని అయిపోయిందన్నాడు.

ఆయన చెయ్యి జేబు వైపు లేచింది. నిన్న నేను కాపాడిన చెయ్యి అది, ఐదు వేళ్ళూ నిక్షేపంగా ఉన్నాయి. అవి జేబు అంచు దగ్గర తడబడుతూ ఉండిపోయాయి, ఎంతసేపటికీ లోపలికి వెళ్ళలేదు. నేనే వెళ్ళి తీసిచ్చాను.